ఆండాళు పేరుకు ఒక తాబేలు

12 సెప్టెంబరు 1968, సూర్యాపేట

ఈ రోజు మళ్లీ కాలేజీకి వెళ్లాను. సెలవు ఇంకా ఉంది కానీ ఇంట్లో ఇద్దరం ఒకరికొకరం అడ్డం పడుతున్నాం. రుక్మిణి వరండాలోకి వస్తే నేను లోపలికి వెళ్తున్నాను. నేను వంటింట్లోకి మంచినీళ్లకు వెళ్తే ఆమె పెరట్లోకి పోతున్నది.

స్టాఫ్ రూములో ఎవరి పుస్తకాల్లోకి వాళ్లు తల వంచుకున్నారు. బాటనీ చెప్పే ఏసుపాదం గారు మాత్రం కుర్చీ నా పక్కకు జరుపుకున్నారు. ఆయనది జగ్గయ్యపేట.

"తిన్నారా మాస్టారూ?"

తిన్నానన్నాను. తినలేదు.

17 సెప్టెంబరు

రెండో సంవత్సరం వాళ్లకు తాబేలు ఎముకల గూడు చెప్పాను. ఏటా చెప్పేదే. తాబేలు డిప్ప దానికి తొడిగిన చొక్కా కాదు, దాని వెన్నెముకే, పక్కటెముకలే. అవి వెడల్పయి ఒకదానికొకటి అతుక్కుని పైకప్పు అవుతాయి. వెన్నెముక ఉన్న మిగతా అన్నిటికీ భుజం ఎముక పక్కటెముకలకు బయట ఉంటే, తాబేలుకు లోపల ఉంటుంది. తన గూట్లోకి తనే దూరినట్టు.

ఒక అమ్మాయి లేచి, "డిప్ప తీసేస్తే బతకదా సార్?" అని అడిగింది.

"వెన్నుపూస తీస్తే మనం బతుకుతమా అమ్మా?" అన్నాను. బోర్డు తుడుస్తూ అటువైపే తిరిగి నిలబడ్డాను.

హైదరాబాదు దవాఖానలో మా పాప ఆండాళు వీపులో సూది గుచ్చి నీళ్లు తీసిన రోజు కాళ్లు కదలకుండా పట్టుకున్నది నేనే. మెదడు జ్వరమన్నారు. ఏడేళ్ల పిల్లకు అంత బలం ఎక్కడిదో.

6 అక్టోబరు

రెడ్యా వచ్చాడు. మాడుగులపల్లి దగ్గరి తండా వాళ్లది. సాగర్ కాలువలో, చెరువుల్లో పట్టిన కప్పలూ తాబేళ్లూ మిర్యాలగూడ నుంచి బస్సెక్కించి మా ల్యాబు కోసం ఇంటికి తెచ్చి ఇస్తుంటాడు. వర్షాకాలమంతా రాలేదు. గోనెసంచి దించి ఇల్లంతా కలయజూశాడు.

"పాప కనవడ్తలేదు సారూ?"

వాడి సంచి విప్పినప్పుడల్లా ముందు తల దూర్చేది పాపే కదా.

"కోదాడ పోయింది. అమ్మమ్మ కాడికి" అన్నాను.

"ఎప్పుడొస్తది?"

"వస్తది."

10 నవంబరు

రెడ్యా ఈసారి సంచితోపాటు ఒక రేకు డబ్బా తెచ్చాడు. అరచేతిలో పట్టేటంత తాబేళ్లు నాలుగు.

"పాప వచ్చిందా సారూ? ఆడుకుంటదని సిన్నయి ఏరి తెచ్చిన."

రుక్మిణి గడప దగ్గరే ఉంది. వచ్చి డబ్బా అందుకుంది. "పాప లేదు రెడ్యా. జరమొచ్చి సచ్చిపోయింది. నాలుగు నెల్లు కావొచ్చింది" అన్నది.

ఆ మాట ఆమె నోట వినడం ఇదే మొదటిసారి. రెడ్యా తువ్వాల నోటికడ్డం పెట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాడు. నా వైపు ఒకసారి చూశాడు. రుక్మిణి వాడికి చాయ్ ఇచ్చింది. వాడు తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్లాడు.

13 నవంబరు

ఆ నాలుగూ వేరేగా ఉన్నాయి.

మన వైపు దొరికేది డిప్ప మీద పొలుసులు లేకుండా మెత్తటి చర్మం కప్పిన రకం. వెనక కాళ్లు లోపలికి లాక్కోగానే రెండు చర్మపు మూతలు వచ్చి తలుపుల్లా మూసుకుంటాయి. కడుపు వైపు తెల్లటి చర్మం మీద గరుకు పలకలు ఏడు: ముందు మూడు, నడుమ పెద్దవి రెండు, వెనక రెండు. వీటికి ముందు మూడూ లేవు. తల మీద నల్లటి చారలున్నాయి. రెడ్యా ఇదివరకు తెచ్చిన వాటిలో ఒక్కదానికీ చారలు లేవు.

తాబేళ్లలో ఏది ఏ జాతో తేల్చేది ఇట్లాంటి వాటితోనే. మెడ నిలువుగా ముడుస్తుందా పక్కకు తిప్పుతుందా, పైన పొలుసా చర్మమా, కింద పలకలెన్ని.

20 నవంబరు

మన కాలేజీలో ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఇట్లాంటిది ఎక్కడా లేదు. ఇది కొత్త జాతి.

కొత్త జాతిని మొదట వర్ణించినవాడిదే పేరు పెట్టే హక్కు. ఆడపిల్ల పేరయితే లాటిన్‌లో చివర 'ఏ' చేరుతుంది. ఈ రకం తాబేళ్లన్నిటికీ ముందు పేరు లిస్సెమిస్. ఇది లిస్సెమిస్ ఆండాలే. కాగితం మీద రాసి చూసుకున్నాను. ఈ పేరు ఒకసారి అచ్చయితే ఇక ఎవరూ తీసేయలేరు. వందేళ్ల తర్వాత ఎవరో ఎక్కడో తాబేలు గురించి చదువుతూ ఆండాళు పేరు పలకాలి.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

10 డిసెంబరు

మూడింటిని చెడిపోకుండా ఫార్మలిన్‌లో పెట్టాను. ఒకటి బతికే ఉంది. అన్నిటికంటే చారలు స్పష్టంగా ఉన్నది అదే. ఇంటి వెనక సిమెంటు తొట్టిలో వేశాను.

ల్యాబులో ఏసుపాదం గారికి చూపించాను. జాడీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు.

"ఇవి పిల్లలేమో చూశారా మాస్టారూ? మొక్కల్లోనూ అంతే కదండీ, లేతాకు ఒకలా ఉంటుంది, ముదిరాక ఇంకోలా ఉంటుంది. కాస్త ఆగి చూడండి."

"బాటనీ వాళ్లకు తాబేళ్లేం ఎరుక ఏసుపాదం గారూ" అన్నాను.

ఆయన నవ్వి జాడీ కింద పెట్టారు. రోజూ ఇద్దరం కలిసి నడిచి వస్తాం. ఈ రోజు ఆయన గేటు దగ్గర నా కోసం ఆగారు. నేను వెనక దారిన వచ్చాను.

పిల్లలయితే చర్మం ఇంత గట్టిపడదు. అది ఆయనకు తెలియదు.

5 జనవరి 1969

రుక్మిణికి చెప్పాను. బియ్యం ఏరుతున్నది. చేట పక్కన పెట్టింది.

"మన ఆండాళు పేరేనా?"

"ఆండాళు పేరే."

"ఏడ రాస్తరు?"

"పుస్తకాలల్ల. అన్ని దేశాలోళ్లు సదువుతరు."

తర్వాత లేచి పెరట్లోకి వెళ్లి తొట్టి దగ్గర కూర్చుంది. సాయంత్రం దీపం పెట్టే వేళకు కూడా అక్కడే ఉంది.

27 జనవరి

కాలేజీ మూతపడింది. తెలంగాణ గొడవలు. రోజూ ఊరేగింపులు. బస్సులు ఒకరోజు తిరిగితే ఒకరోజు లేవు. ఎప్పుడు తెరుస్తారో ఎవరూ చెప్పలేకున్నారు. నాకు మంచిదే. వ్యాసం రాసుకుంటాను.

16 ఫిబ్రవరి

మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. రుక్మిణి ఈ రోజు కొంగులో నత్తలు ఏరుకొచ్చింది. తొట్టి గట్టు మీద రాయితో చితకగొట్టి ఒక్కొక్కటే దానికి వేసింది. అది మెడ చాపి లాక్కుంటున్నది.

"అన్నం పెడితే ముట్టలే" అన్నది నా వైపు చూడకుండా. తర్వాత పసుపు రాసి చేతులు చాలాసేపు కడుక్కుంది.

దాన్ని తీసి కడుపు కడిగి, నీళ్లు మార్చి మళ్లీ వేస్తుంది. రోజూ. తనూ ఇప్పుడు రెండు పూటలా అన్నం తింటున్నది.

9 మార్చి

ఏసుపాదం గారు ఇంటికి వచ్చారు. ఆంధ్రావాళ్లకు ఇల్లు ఇవ్వలేనని ఇల్లుగలాయన ఖాళీ చేయమన్నాడట. భార్యాపిల్లల్ని ముందే పంపించేశారు. ఆయన రేపు ఏదో లారీలో కోదాడ దాకా వెళ్లి, అక్కడి నుంచి జగ్గయ్యపేట వెళ్తారట. మళ్లీ వస్తారో, బదిలీ చేయించుకుంటారో తెలియదన్నారు.

పెరట్లోకి వెళ్లి తొట్టిలోకి చూశారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

"బావుంది. బాగా చూసుకుంటున్నారమ్మా" అన్నారు రుక్మిణితో. నాతో దాని మాట ఎత్తలేదు.

10 మార్చి

లారీ అడ్డా దాకా వెళ్దామనుకున్నాను. వెళ్లలేదు.

20 ఏప్రిల్

తొట్టిలోదాని కడుపు ముందువైపు చర్మం మీద ఆవగింజంత గరుకు తగిలింది. మురికి. పళ్లు తోముకునే బ్రష్షుతో తోమాను.

23 ఏప్రిల్

పోలేదు. నాచు కావచ్చు. ఉప్పునీళ్లతో తోమాను. అది మూతలు మూసుకుని ఎంతసేపటికీ తెరవలేదు.

28 ఏప్రిల్

చారలు కొంచెం వెలిసినట్టున్నాయి. ఎండకు.

4 మే

హైదరాబాదులో నాకు చదువు చెప్పిన ప్రొఫెసరు గారికి ముందే రాశాను. చెడిపోని నమూనా ఒకటి చూపిస్తేనే మాట్లాడతానన్నారు. అడగడం న్యాయమే. కొత్త జాతికి పేరు పెట్టాలంటే ఆ పేరు మోసే ఒక శరీరం ఎక్కడో జాడీలో ఉండాలి. ల్యాబులోని మూడూ ఎందుకూ పనికిరాకుండా పోయాయి. మందు పలచనైందో ఏమో, మెత్తబడి రంగు పోయాయి.

ఇక మిగిలింది తొట్టిలోదే. ఎండలు ముదిరాయి, తొట్టి నీళ్లు కాగుతున్నాయి, ఎట్లాగూ బతకదు. ఆలస్యం చేసి లాభం లేదు.

జాడీ, ఫార్మలిన్ సీసా తెచ్చి వరండాలో పెట్టాను. రుక్మిణి చూసింది.

"గదేంది?"

చెప్పాను.

"దాన్ని సంపుతరా?"

"నొప్పి ఉండదు. మత్తు పెడ్త ముందుగాల."

"ఆండాళు పేరు పెట్టి సంపుతరా?"

"సంపితెనే పేరు నిలుస్తది రుక్మిణీ. అది పద్ధతి."

"ఒకపాలి సూసిన గద" అన్నది. "సూది గుచ్చుడు, కాళ్లు వట్టుకునుడు. ఇంకోపాలి ఆ పేరున్నదాన్ని నా కండ్ల ముంగట అట్ల చేస్తే నేను ఈ ఇంట్ల ఉండ."

నేను ఇది వేరు అన్నాను. శాస్త్రం అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె నా మాటలు అయ్యేదాకా నిలబడి, సీసా తీసుకెళ్లి పెరట్లో ఒలకబోసింది. ఆ వాసనకు ఇద్దరికీ కళ్లలో నీళ్లు వచ్చాయి.

6 మే

బజారు నుంచి వచ్చేసరికి తొట్టి ఖాళీ. మూత ఉన్న స్టీలు బకెట్ కూడా లేదు. పక్కింటివాళ్లు చెప్పారు, రుక్మిణి కోదాడ బస్సు ఎక్కిందట. బకెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నదట.

8 మే

నాలుగు రోజులుండి వస్తుంది.

2 జూన్

రాలేదు.

21 జులై

పాప పోయి నేటికి ఏడాది. ఎవరూ లేరు. తొట్టిలో వాననీళ్లు నిలిచాయి.

14 సెప్టెంబరు

కోదాడ వెళ్లాను. రుక్మిణి చిక్కిపోలేదు, బాగానే ఉంది. వాళ్లమ్మ వెంకటనర్సమ్మ గారు అన్నం పెట్టారు. రుక్మిణి మజ్జిగ పోసింది. "కాలేజీ తెరుస్తరంటనా?" అని అడిగింది. తెరుస్తారట అన్నాను.

పెరట్లో తొట్టి ఉందట. నేను చూడలేదు. బస్సుకు వేళయింది.

30 అక్టోబరు

వ్యాసం పూర్తయింది. తల, మెడ, పై డిప్ప, అడుగు డిప్ప, తోక, అన్నీ రాశాను. నమూనా ఎక్కడ భద్రపరిచామో రాయవలసిన చోటు ఖాళీగా వదిలాను.

3 డిసెంబరు

కాలేజీ నడుస్తున్నది. ఏసుపాదం గారి చోట కొత్తాయన వచ్చాడు. మంచివాడే. రోజూ ఒక్కడినే నడిచి వస్తున్నాను.

11 జనవరి 1970

రెడ్యా వచ్చాడు. ఇల్లు చూసి, "అమ్మ గూడ లేదా సారూ?" అన్నాడు. కోదాడ పోయిందన్నాను. వాడు నమ్మలేదు. నా ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

"నిజంగనే రెడ్యా. వాళ్లమ్మ కాడ ఉన్నది."

"పోయి తోల్కరాండ్రి సారూ" అన్నాడు. సంచి భుజాన వేసుకున్నాడు.

15 ఫిబ్రవరి, కోదాడ

ఇక్కడి వరండాలో కూర్చుని రాస్తున్నాను. లోపల అత్తాకోడళ్ల మాటలు వినిపిస్తున్నాయి. కాదు, తల్లీకూతుళ్లవి. ఈ రోజు ఏం రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

పొద్దున బస్సు దిగినప్పుడు నా సంచిలో గాజు జాడీ ఉంది. ఫార్మలిన్ కూడా కొత్తది. రుక్మిణిని తీసుకురావడానికి వెళ్తున్నానని అనుకున్నాను. జాడీ ఎందుకు పెట్టుకున్నానో అనుకోలేదు.

వెంకటనర్సమ్మ గారు వాకిట్లోనే ఎదురయ్యారు. "వచ్చావా నాయనా, కాళ్లు కడుక్కో" అన్నారు. నా చేతిలోని సంచి అందుకోబోతే ఇవ్వలేదు. గాజు చప్పుడయింది. ఆమె నన్ను చూసి పెరటి తలుపు తీశారు.

రుక్మిణి తొట్టి దగ్గర ఉంది. నన్ను చూసి లేవలేదు.

"సూస్తరా?" అన్నది.

నీళ్లలో చెయ్యి పెట్టి రెండు చేతులతో ఎత్తింది. రెండు చేతులు కావలసి వచ్చాయి. డిప్ప మీద ఎవరో కుంకుమ పెట్టారు, అత్తగారే అయి ఉంటారు. జాడీ మూతి గుర్తొచ్చింది. అందులో దీని తల తప్ప ఏదీ పట్టదు.

తల మీద చారలు లేవు. ఎండ తగలని నీడలో తొట్టి పెట్టారు.

"తిప్పు" అన్నాను.

ఆమె తిప్పింది. గరుకు పలకలు ఏడూ ఉన్నాయి: ముందు మూడు, నడుమ రెండు, వెనక రెండు. వేలితో ఒక్కొక్కటే ముట్టుకున్నాను. ముందు నడుమన ఉన్నది, నేను బ్రష్షు పెట్టి తోమినది, ఇప్పుడు నా గోరంత ఉంది. గరుకుగా, గట్టిగా ఉంది. అది కాళ్లు ఆడించి, మూతలు మూసుకుని, మళ్లీ తెరిచి ఆడించింది.

గట్టు మీద కూర్చుండిపోయాను. రెడ్యా చేతిలో చూసిన రోజే నాకు తెలుసు. ఏసుపాదం గారు చెప్పినప్పుడూ తెలుసు. చదువు చెప్పేవాణ్ని, పిల్ల తాబేలు ఎట్లా ఉంటుందో ఒకరు చెప్పాలా?

"పోయిన ఎండకాలమే మొదలైనయి అవి" అన్నది రుక్మిణి. "రోజు కడుగుత గద, చేతికి తగులుతుండె."

"నాకెందుకు చెప్పలే?"

"మీరు బ్రష్ వెట్టి తోముతుంటె సూసిన. మీకు ఎరుకే అనుకున్న." అరచేత్తో దాని కడుపు తుడిచింది. "నాకైతే సంబురమైంది. పెద్దగైతున్నదని."

నీళ్లలోకి వదిలింది. అది అడుక్కు పోయి మూలన కూర్చుంది.

వెంకటనర్సమ్మ గారు గుమ్మంలోంచి, "ఏం జాతంటావు నాయనా చివరికి? కొత్తదేనా?" అని అడిగారు.

"లేదత్తమ్మా. మామూలుదే. మన చెరువులల్ల అంతట ఉంటయి" అన్నాను. "అప్పుడు పిల్ల. ఇప్పుడు పెరిగింది."

ఆ మాట అనేసరికి నాకు ఏడుపు ఆగలేదు. దవాఖానలో ఏడవలేదు. ఊరికి తెచ్చినప్పుడు ఏడవలేదు. రుక్మిణి నన్ను ఊరుకోబెట్టలేదు. నా పక్కన గట్టు మీద కూర్చుంది, అంతే. వాళ్లమ్మ తలుపు దగ్గరగా వేసి లోపలికి వెళ్లిపోయారు.

చాలాసేపటికి నేను, "పేరు పెట్టుడు అయ్యేటట్టు లేదు రుక్మిణీ" అన్నాను. "ప్రొఫెసరు గారికి రాస్త, నాదే తప్పని."

"రాయుండ్రి."

"ఏసుపాదం గారికి గూడ రాయాలె."

"ఆయనకు ముందు రాయుండ్రి" అన్నది.

ఎండ మా కాళ్ల దాకా వచ్చింది. ఇద్దరం కొంచెం జరిగాం. తర్వాత ఎవరు ముందు ఎత్తారో, నేనే అనుకుంటాను, ఆండాళు ఉంటే ఇప్పటికి ఎంత పొడుగయ్యేది అన్నాను. ఇంతకాలం ఆ మాట ఒకరినొకరం అడగలేదు.

రుక్మిణి లేచి నిలబడింది. అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి చూపించింది. "గింత."

నేను లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఇంకొంచెం పైకి జరిపాను.

"అంత ఉండదు" అన్నది.

"ఉంటది. మా దిక్కు ఆడపిల్లలందరు పొడుగే."

ఆమె ఆ చెయ్యి కింద ఉన్న ఖాళీని కాసేపు చూసింది.

"అయితే పెట్టెల ఉన్న గౌన్లు ఒక్కటి గూడ సాలకపోతుండె ఇప్పుడు" అన్నది.